రూబీ తల్లి ఎవరు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. "డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి ఇప్పటికే నలుగురు మాట్లాడుతున్నారు, మీరు కాస్త వేరే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. "ఏ విషయమైనా సరేనా?" అని అడిగి, మాట తీసుకున్నాకే ఒప్పుకున్నాను. అందుచేత ఇప్పుడు ఆయన కాదనడానికి వీల్లేదు. నేను మాట్లాడబోయేది బి.బి.సి. వారి 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక గురించి. అందులోనూ 2024 జూన్ 22న ప్రసారమైన, ఆ ఏడాది కథకు ముగింపు భాగం గురించి. దాని పేరు 'ఎంపైర్ ఆఫ్ డెత్', అంటే మృత్యు సామ్రాజ్యం. పేరు విని ఎవరూ కంగారు పడవద్దు. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్న మనల్ని మృత్యువు కొత్తగా భయపెట్టేదేమీ లేదు.

ఈ వయసులో ఈయనకు సైన్స్ ఫిక్షన్ పిచ్చేమిటి అని కొందరు అనుకోవచ్చు. ఈ పిచ్చి కొత్తది కాదండీ. 1980లలో దూరదర్శన్ ఆదివారం ఉదయం పూట 'స్టార్ ట్రెక్' చూపించినప్పుడు మా వీధిలో ఉన్న ఒక్క టీవీ ముందు పిల్లలతో పాటు నేనూ చాప మీద కూర్చున్నవాణ్ణే. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వచ్చినప్పుడు కాలయంత్రంలో కూర్చుని కృష్ణదేవరాయల కాలానికి వెళ్ళడం మీరందరూ చూశారు. అసలు మన భాగవతంలోనే ఉంది కదా. రైవతుడు తన కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుడెవరో చెప్పమని అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళాడు. కాసేపు ఆగి తిరిగి వచ్చేసరికి ఇక్కడ ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. కాబట్టి కాలంలో ప్రయాణం మన నాయనమ్మలకు తెలియని విషయమేమీ కాదు.

'డాక్టర్ హూ' సంగతి చూడనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. డాక్టర్ అని పిలవబడే ఒక గ్రహాంతరవాసి ఉంటాడు. అతనికి రెండు గుండెలు. ఒకప్పుడు ఇంగ్లండు వీధుల్లో పోలీసులకు ఫోను చేయడానికి పెట్టిన నీలిరంగు పెట్టెలాంటి వాహనంలో ఏ కాలానికైనా, ఏ లోకానికైనా వెళతాడు. పెట్టె బయట చిన్నది, లోపల మహా విశాలం. ఎక్కడ ఆపద ఉంటే అక్కడ దిగుతాడు. ఆయుధం పట్టడు. వెంట ఎప్పుడూ మనలాంటి మామూలు మనిషి ఒకరు తోడుగా ఉంటారు.

ఈ ధారావాహిక మొదలైంది 1963 నవంబరు 23న. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన మరునాడు. మొదటి కథకు దర్శకుడు ఎవరనుకున్నారు? మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి ఆయనకు 24 ఏళ్ళు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే 27 ఏళ్ళ అమ్మాయి. పిల్లల కోసం వేసిన ఆ చిన్న కార్యక్రమం 1989 దాకా నడిచి ఆగిపోయింది. 2005లో రసెల్ టి. డేవిస్ అనే రచయిత చేతుల మీదుగా మళ్ళీ లేచింది. ఇంతకాలం నిలవడానికి ఒక కిటుకు ఉంది. 1966లో మొదటి డాక్టరు పాత్రధారి విలియం హార్ట్‌నెల్ గారికి ఆరోగ్యం సహకరించలేదు. కథ ఆపేయకుండా, డాక్టరు జాతివారు మరణం దగ్గర పడ్డప్పుడు కొత్త శరీరం ధరిస్తారని కథలోనే పెట్టి, ఆయన స్థానంలో మరో నటుణ్ణి తెచ్చారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఛార్జి అప్పగించారన్నమాట. కుర్చీ అదే, మనిషి మారాడు. మనకు తెలియని విద్యా ఇది?

నేను దీన్ని మొదటిసారి చూసింది 2013లో. లీసెస్టరులో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు యాభై ఏళ్ళ పండుగ భాగం వచ్చింది. అప్పుడు మా మనుమరాలికి ఆరేళ్ళు. రాక్షసుల్ని చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా బెంగ. పక్కన కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ ఉద్యోగం నాకు వచ్చింది. జీతం లేదు, పదవీ విరమణ కూడా లేదు. అప్పటినుంచి ఇక్కడ ఉన్నా అక్కడ ఉన్నా ఆ కథల గురించి మేమిద్దరం మాట్లాడుకోని వారం తక్కువ.

ఇక అసలు కథకు వస్తాను. 2023 క్రిస్మసు నాడు రూబీ సండే అనే అమ్మాయి కథలోకి వచ్చింది. మిల్లీ గిబ్సన్ అనే నటి వేసింది. 2004 డిసెంబరు 24 రాత్రి, మంచు పడుతుండగా, ముఖం కనబడకుండా ముసుగు వేసుకున్న ఒక స్త్రీ అప్పుడే పుట్టిన పసికందును రూబీ రోడ్డు మీది చర్చి గుమ్మంలో వదిలి వెళ్ళిపోయింది. రోడ్డు పేరే పిల్లకు పేరయింది. కార్లా సండే అనే ఆవిడ ఆ పిల్లను తెచ్చి పెంచింది. కార్లా వృత్తే అది. దిక్కులేని పసివాళ్ళను ఇంటికి తెచ్చి, కొంతకాలం సాకి, మంచి చోటికి చేర్చడం. రూబీని మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంది.

రూబీకి పందొమ్మిదేళ్ళు వచ్చాక కన్నతల్లి ఎవరో తెలుసుకోవాలనిపించింది. తప్పిపోయిన బంధువులను కలిపే టీవీ కార్యక్రమానికి వెళ్ళింది. డి.ఎన్.ఎ. పరీక్ష చేశారు. తల్లి తరఫున గానీ తండ్రి తరఫున గానీ ఒక్క పోలిక కూడా దొరకలేదన్నారు. ఇంగ్లండులో దత్తత వెళ్ళినవారు పద్దెనిమిదేళ్ళు నిండాక తమ అసలు జనన పత్రం చూసుకునే హక్కు 1975 నాటి చట్టంతో వచ్చింది. కానీ గుమ్మంలో దొరికిన పిల్లకు చూసుకోవడానికి ఆ పత్రంలో ఏముంటుంది?

ఆపైన ఆ ఏడాదంతా వింతల మీద వింతలు. రూబీ తన పుట్టుకను తలుచుకుంటే గదిలో మంచు కురుస్తుంది. ఆ రాత్రి తల్లి వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి వేలు చూపిస్తుంది. ఎవరికి చూపించిందో తెలియదు. కాలాన్ని చీల్చుకుని తిరిగే డాక్టరుకు కూడా ఆవిడ ముఖం కనబడదు. అభిమానులు ఊరుకుంటారా? ఆవిడ దేవత అన్నారు, డాక్టరు మనుమరాలన్నారు, కాలమే స్త్రీ రూపం దాల్చిందన్నారు. మా మనుమరాలు ఒక నోటుపుస్తకం నిండా లెక్కలు వేసింది. అందులో పదకొండు సిద్ధాంతాలున్నాయి. ఏడో సిద్ధాంతంలో నాకూ వాటా ఉంది.

2024 జూన్ 15న ముగింపులో మొదటి సగం, 22న రెండో సగం వచ్చాయి. అప్పుడు నేను లీసెస్టరులోనే ఉన్నాను. సుటెఖ్ అనే మృత్యుదేవత విశ్వమంతటినీ ధూళి చేసేశాడు. ఈ సుటెఖ్ 1975లో వచ్చిన ఒక కథలో విలను. అప్పుడు ఆ పాత్రకు గొంతు ఇచ్చిన గాబ్రియేల్ వుల్ఫ్ గారినే మళ్ళీ పిలిచి 2024లోనూ మాట్లాడించారు. అప్పటికి ఆయన వయసు 91 ఏళ్ళు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత పాత సీటుకు పిలుపు వచ్చిందన్నమాట! ఈ సంగతి చెప్పినప్పుడు చప్పట్లు కొడతారనుకున్నాను. కొట్టారు, సంతోషం.

విశ్వమంతా ధూళి అయ్యాక డాక్టరు, రూబీ, మెల్ అనే పాత స్నేహితురాలు, ముగ్గురే మిగిలారు. యంత్రం బాగు చేయడానికి కాస్త లోహం కావాలి. ఎక్కడో పాడుబడిన లోకంలో ఒక గుడారంలో ఒంటరి ఆడమనిషి కనబడింది. ఆమెకు జ్ఞాపకాలు కరిగిపోతున్నాయి. తనకు ఒక బిడ్డ ఉండేదేమో అన్నంతవరకే గుర్తు. ఆమె దగ్గర ఒక చెంచా ఉంది. డాక్టరు అడిగితే ఇచ్చింది. తరువాత ఆమె కూడా ధూళి అయిపోయింది. సృష్టిని మళ్ళీ నిలబెట్టిన పనిలో బ్రహ్మాస్త్రం లేదు, వజ్రాయుధం లేదు. పేరు తెలియని ఒక ఇల్లాలి చెంచా ఉంది. కథ ఎటు పోతోందో నాకు అక్కడే కొంత తోచింది.

సుటెఖ్ వీళ్ళను ఎందుకు చంపకుండా వదిలాడో తెలుసా? అతనికీ అదే ప్రశ్న. సర్వం చూడగల దేవుడినైన నాకే కనబడని ఈ తల్లి ఎవరు? ఆ తెలుసుకోవాలనే ఆశే అతని కొంప ముంచింది. రహస్యం చెబుతామని అతని దగ్గరకు చేరి, ఆ జవాబు ఉన్న తెరను రూబీ అతని కళ్ళ ముందే పగలగొట్టి, అతనికి తాడు తగిలించింది. డాక్టరు ఆ తాడుతో అతణ్ణి కాలప్రవాహంలో ఈడ్చుకుపోయాడు. మృత్యువుకు మృత్యువు వచ్చేసరికి చచ్చిన లోకమంతా బతికింది.

అంతా అయ్యాక జవాబు వచ్చింది. రూబీ తల్లి ఒక మామూలు ఆడపిల్ల. బిడ్డ పుట్టేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఇంట్లో పరిస్థితి బాగాలేదు. ఆ ఇంట్లో పసిదాన్ని ఉంచితే ప్రమాదమని భయపడి, చర్చి దగ్గర అయితే ఎవరైనా చూస్తారని వదిలి వెళ్ళింది. తరువాత చదువుకుని నర్సు అయింది. మరి ఆ వేలు చూపించడం? ఆమె చూపించింది రోడ్డు పేరు రాసిన పలకను. ఆ పేరు పెట్టండి అని. తాను ఇవ్వగలిగింది పేరొక్కటే కాబట్టి, చీకట్లో, మంచులో, ఎవరూ చూడరనుకుంటూనే, అది ఇచ్చి వెళ్ళింది.

మా మనుమరాలు సోఫాలోంచి లేచి నిలబడింది. "తాతయ్యా, ఇంతేనా? ఆరు నెలలు తిప్పి తిప్పి చివరికి ఎవరూ కాదంటారా?" అంది. నోటుపుస్తకం అవతలికి విసిరేసింది. ఆ పిల్ల ఒక్కతే కాదు, చాలామంది అభిమానులకు అదే కోపం వచ్చింది. వారి వాదన న్యాయంగానే చెబుతాను. మామూలు ఆడపిల్ల అయితే మంచు ఎందుకు కురిసింది? దేవుడికి కూడా ముఖం ఎందుకు కనబడలేదు? డాక్టరు చెప్పిన సమాధానం ఏమిటంటే, మనమందరం ఆమె ముఖ్యమని అనుకున్నాం కాబట్టి ఆమె ముఖ్యమైంది, యుద్ధాలు జరుగుతున్నా దేవతలు దిగివస్తున్నా మనం ఆ పిల్ల తల్లి ఎవరని అడుగుతూనే ఉన్నాం, అని. తర్కం ప్రకారం చూస్తే ఇది గట్టి సమాధానం కాదు. ఫైలులో ఇలాంటి నోటు పెడితే మా కమిషనరు గారు తప్పకుండా ఆబ్జెక్షను రాసేవారు. ఆ విషయంలో నేను మనుమరాలితో వాదించలేదు, ఇవాళ మీతోనూ వాదించను.

నేను చెప్పదలచుకున్నది వేరే. అనాథ పిల్ల కథ అనగానే మనం ఎందుకు గొప్ప తల్లిదండ్రుల కోసమే ఎదురు చూస్తాం? అది మన అలవాటు. నాగేటిచాలులో దొరికిన సీతమ్మ భూదేవి బిడ్డ. పెట్టెలో కొట్టుకు వచ్చిన కర్ణుడు సూర్యుడి కొడుకు. ఇక మన సినిమాలలో సరేసరి. గుడిసెలో పెరిగినవాడి మెడలో లాకెట్ ఉందంటే ఆఖరి రీలులో వాడు జమీందారు వారసుడు కావలసిందే. వారసుడు కాకపోతే టిక్కెట్టు డబ్బులు వృథా అనుకుంటాం. ఆ కథలు నాకూ ఇష్టమే. కానీ అవి చెప్పకుండా చెప్పే ఒక మాట ఉంది. ఈ బిడ్డలో ఏదైనా గొప్ప ఉంటే అది ఎక్కడో గొప్ప చోటి నుంచి వచ్చి ఉండాలి అని. మరి గొప్ప చోటి నుంచి రాని బిడ్డ సంగతి?

కర్ణుడి సంగతే తీసుకోండి. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు ఏకాంతంగా పిలిచి, నీవు కుంతి కొడుకువు, పాండవులకు పెద్దన్నవు, రాజ్యం నీది అని చెప్పాడు. కర్ణుడు ఏమన్నాడు? నన్ను చూడగానే రాధకు పాలు చేపు వచ్చింది, అధిరథుడు నాకు పేరు పెట్టి సంస్కారాలు చేశాడు, భూమండలమంతా ఇచ్చినా వారిని కాదనలేనన్నాడు. పుట్టుక రహస్యం తెలిశాక కూడా రాధేయుడిగానే ఉండిపోయాడు. మన మహాభారతంలో ఆ జవాబు ఎప్పుడో ఉంది. మనం సూర్యుణ్ణి గుర్తు పెట్టుకుని రాధను మరిచిపోయాం.

నా ఉద్యోగ జీవితంలోని ఒక సంగతి మనవి చేస్తాను. నేను పనిచేసిన పురపాలక సంఘంలో పదకొండేళ్ళు జనన మరణాల రిజిస్ట్రేషను సీటులో ఉన్నాను. బహిరంగ స్థలంలో వదిలేసిన శిశువు దొరికితే, పల్లెలో గ్రామాధికారి గానీ స్థానిక పోలీసు స్టేషను అధికారి గానీ సమాచారం ఇవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతుంది. అలాంటి నమోదులు మా రిజిస్టర్లలో అక్కడక్కడ ఉండేవి. పుట్టిన తేదీ ఇంచుమించుగా ఉంటుంది. స్థలం గడిలో బస్టాండు అనో, ఆసుపత్రి వరండా అనో ఉంటుంది. తండ్రి పేరు గడిలో ఒక గీత. తల్లి పేరు గడిలో ఒక గీత.

2003 ప్రాంతంలో ఒక అమ్మాయి జనన ధ్రువపత్రం కోసం వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. వెంట ఒక పెద్దావిడ. ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. రిజిస్టరు తీసి చూస్తే నేను చెప్పిన ఆ రెండు గీతలే ఉన్నాయి. పేరు గడిలో మాత్రం తరువాత ఎప్పుడో వేరే సిరాతో ఒక పేరు చేర్చి ఉంది. అమ్మాయి ఆ గీతల మీద వేలు పెట్టి, "ఇంకేమైనా రాసి ఉందా సార్?" అని అడిగింది. సమాచారం ఇచ్చినవారి గడిలో ఒక కానిస్టేబులు పేరు, నంబరు ఉన్నాయి. చూపించాను. చేతి సంచిలోంచి కాగితం తీసి అవి రాసుకుంది. పెద్దావిడకు చదువు రాదు. ఆవిడ అడిగింది ఒక్కటే. "అందులో దాని పేరుంది కదా బాబూ?" అంది. "ఉందమ్మా" అన్నాను. ఆవిడ కొంగుముడి విప్పి ఫీజు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ వేరే సిరా ఎవరు పెట్టించిందో నాకు అప్పుడు అర్థమైంది. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఆఫీసుకు వచ్చి, అర్జీ పెట్టించి, ఆ ఖాళీ గడిలో పేరు రాయించి వెళ్ళింది.

ఆ రెండు గీతల వెనుక ఎవరున్నారు? రాజకుమారి కాదు. ఏ పదిహేనేళ్ళ పిల్లో, ఇంట్లో చెప్పుకోలేక, బయట బతకలేక, జనం తిరిగే చోటైతే ఎవరైనా చూస్తారని బస్టాండులో వదిలి వెళ్ళి ఉంటుంది. మన సమాజం ఆ పిల్లలకు ఏం చెప్పింది? మీ పేరు రాసుకునే గడి లేదంది. చట్టం నెమ్మదిగా కదిలింది. పెళ్ళి కాని తల్లి తన బిడ్డకు జనన ధ్రువపత్రం అడిగితే, తండ్రి పేరు చెప్పలేదని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2015 జూలైలో స్పష్టం చేసింది. అప్పటికి నేను రిటైరయి అయిదేళ్ళు. ఆ తీర్పు పేపరులో చదివిన రోజున ఆ రిజిస్టరు పేజీ నా కళ్ళ ముందు ఆడింది.

అందుచేత ఆ శనివారం సాయంత్రం తెర మీద ఆ తల్లి మామూలు ఆడపిల్ల అని తేలినప్పుడు, మా మనుమరాలికి కోపం వచ్చిన చోట నాకు గొంతు పట్టేసింది. అరవై ఏళ్ళుగా నడుస్తున్న కథలో, దేవుళ్ళూ రాక్షసులూ దిగివచ్చిన చోట, అందరూ చేతులు జోడించి వెతుకుతున్నది ఒక గీత వెనుక ఉన్న మనిషిని. ఆమె దేవత అయి ఉంటే కథ ఆ ఒక్క రూబీదే అయ్యేది. మామూలు ఆడపిల్ల కాబట్టి మా రిజిస్టరులోని పిల్లలందరిదీ అయింది.

ఇంకొక్క సంగతి. తల్లి పేరు, ఊరు తెలిశాక రూబీ ఆమెను ఒక కాఫీ హోటలులో కలుసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అయితే రూబీ కార్లాను వదలలేదు. కన్నతల్లినే పెంచిన ఇంటికి తీసుకువచ్చింది. కార్లా కూడా ఆమెను పరాయిగా చూడలేదు. రాధా కుంతీ ఒకే గుమ్మంలో నిలబడితే ఎలా ఉండేదో మన భారతంలో చూడలేకపోయాం. ఇక్కడ చూశాం. డాక్టరు మాత్రం ఆ ఇంట్లో ఉండలేక కన్నీళ్ళతో తన నీలిపెట్టె ఎక్కి వెళ్ళిపోయాడు. ఎందుకంటే డాక్టరు కూడా ఎక్కడో దొరికిన బిడ్డే. 2020లో వచ్చిన ఒక భాగంలో ఆ సంగతి బయటపడింది. లోకాలన్నీ తిరిగే అతనికి తన సొంత గీత వెనుక ఎవరున్నారో తెలియదు.

కథ అక్కడితో ఆగలేదు. 2025 మే 31న వచ్చిన ఆ పై ఏటి ముగింపులో, ఒక మాయా లోకం చెరిగిపోతుంది. దానితోపాటు పాపీ అనే చిన్నపిల్ల కూడా చెరిగిపోతుంది. డాక్టరుతో సహా అందరూ ఆ పిల్లను మరిచిపోతారు. ఒక్కరికే గుర్తుంటుంది. ఆ ఒక్కరు రూబీ. లేదు, ఒక పిల్ల ఉండేది, మీరు మరిచిపోయారు అని పట్టుబట్టింది. డాక్టరు ఆమె మాట నమ్మి, తన ఆ జన్మను ధారపోసి పాపీని వెనక్కి తెచ్చాడు. రువాండాలో పుట్టి పసితనంలో స్కాట్లాండు చేరిన షూటీ గాట్వా అనే నటుడు ఆ పాత్ర నుంచి అలా సెలవు తీసుకున్నాడు. ఆ ముగింపు మీద కూడా అభిమానులు పెద్ద తగాదాలే పడ్డారు. నాకు మాత్రం ఒకటి నచ్చింది. గుమ్మంలో వదిలేసిన పిల్లే, ఎవరికీ గుర్తులేని పిల్లను గుర్తు పెట్టుకుంది. మొదటి కథలో దేవత కూతురని తేలి ఉంటే ఈ రెండో పని ఆమెకు అంత అందంగా అమరేది కాదు.

ఆ ధారావాహికకూ మరిచిపోవడం అంటే ఏమిటో తెలుసు. 1960లలో తీసిన భాగాలలో చాలావాటిని అప్పట్లో బి.బి.సి. వారే టేపులు తిరిగి వాడుకోవడానికి చెరిపేశారు. తొంభైకి పైగా భాగాల బొమ్మ చాలాకాలం ఎక్కడా దొరకలేదు. కానీ వాటి మాటలు, సంగీతం మాత్రం ప్రతి భాగానివీ మిగిలాయి. ఎలా? ఆ రోజుల్లో కొందరు పిల్లలు, కుర్రవాళ్ళు తమ ఇళ్ళలో టీవీ ముందు టేపురికార్డరు పెట్టుకుని రికార్డు చేసుకున్నారు. సంస్థ చెరిపేసినదాన్ని మామూలు ఇళ్ళు దాచిపెట్టాయి.

మిత్రులారా, మనం కూడా అటువంటి ఇళ్ళవాళ్ళమే. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు బిల్లులు రాశాం, రిజిస్టర్లు నింపాం, టిక్కెట్లు కొట్టాం, పాఠాలు చెప్పాం. మన పిల్లలు తాతల గురించి అడిగితే మనం ఏం చెబుతాం? ఎక్కడో నాలుగు తరాల వెనుక దివాను గిరీ చేసినవారు ఉంటే ఆయన పేరు చెబుతాం. లేకపోతే మాది మామూలు కుటుంబమమ్మా అని తేల్చేస్తాం. అలా తేల్చవద్దని నా మనవి. మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన మేనత్త పేరు చెప్పండి. ఫీజు కట్టిన పొరుగింటాయన పేరు చెప్పండి. తప్పిపోయిన రోజున ఇంటికి చేర్చిన రిక్షా ఆయన పేరు తెలిస్తే అదీ చెప్పండి. తెలియకపోతే, అలా ఒకాయన ఉండేవారని అయినా చెప్పండి. పేరు లేని గడిలో వేరే సిరాతో ఒక పేరు చేర్చే పని మనకు ఇంకా మిగిలే ఉంది. దానికి వయోపరిమితి లేదు.

మా మనుమరాలి సంగతి అడుగుతారేమో. కోపం పూర్తిగా పోలేదు. మంచు ఎందుకు కురిసిందో ఇప్పటికీ తేలలేదంటుంది. తరువాత ఒక రోజున ఫోనులో మాత్రం, "తాతయ్యా, ఆ టీచరు ట్రైనింగు అక్క ఆ కానిస్టేబులును కలిసిందా?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. "కలిసి ఉంటుంది" అంది. అది పన్నెండో సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నేను బలపరుస్తున్నాను.

కార్యదర్శి గారు ఇప్పటికి రెండుసార్లు గడియారం చూశారు.